ప్రతి మే 1న ఒక ‘రికార్డు’

మే 1న జీఎస్టీ లెక్క బయటికి రాగానే ‘రికార్డు వసూళ్లు’ అని శీర్షిక పడుతుంది. జూన్ 1న అదే చోట ‘తగ్గిన జీఎస్టీ’. 2021 నుంచి 2025 దాకా ఐదేళ్లూ ఏప్రిల్ వసూళ్లే అప్పటికి రికార్డు. మార్చిలో కంపెనీలు టార్గెట్లు అందుకోవడానికి బిల్లులు కొట్టేస్తాయి, ఏడాది లెక్కలు సరిచూసుకుని బకాయిలు తీర్చేస్తాయి. ఆ పన్ను ఖజానాకు చేరేది ఏప్రిల్‌లో. ఇందులో వార్త ఎంత, క్యాలెండర్ ఎంత? ఆ రెంటినీ విడదీసే లెక్క పేరు రిగ్రెషన్: పాత అంకెలకు సరిపోయే సమీకరణం కట్టి, ఏ కారణం వాటా ఎంతో తేల్చడం.

అంకెలు చూద్దాం. 2022 ఏప్రిల్‌లో 1.68 లక్షల కోట్లు, మేలో 1.41. 2023లో 1.87, 1.57. 2024లో 2.10, 1.73. 2025లో 2.37, 2.01. ఏప్రిల్ నుంచి మేకు తగ్గింది మొదటి రెండేళ్లు 30 వేల కోట్ల లోపు, తర్వాతి రెండేళ్లు 35 వేల కోట్ల పైన. శాతంలో చూస్తే మాత్రం 16, 16, 18, 15. అంటే సీజన్ ప్రభావం రూపాయల్లో పెరుగుతోంది గానీ నిష్పత్తిలో దాదాపు కదలడం లేదు. అందుకే రిగ్రెషన్‌లో వసూళ్లను నేరుగా కాక లాగ్ (సంవర్గమానం) తీసి వాడాలి, అప్పుడు రూపాయల తేడా కాక నిష్పత్తి లెక్కలోకి వస్తుంది.

మిగతా సమీకరణం పెద్దదేం కాదు. పట్టికలో ఒక్కో నెలకు ఒక్కో వరుస. 1, 2, 3 అంటూ సాగే నెలల వరుస సంఖ్య ట్రెండ్‌ను, అంటే కాలంతో పాటు సాగే పెరుగుదలను, పట్టుకుంటుంది. దాని పక్కన నెలకో గడి: ఏప్రిల్ వరుసలో ఏప్రిల్ గడికి 1, మిగతావాటికి 0. గడులు పదకొండే ఉండాలి. పన్నెండూ పెడితే ప్రతి వరుసలో వాటి మొత్తం 1 అవుతుంది, సమీకరణంలో ముందే ఉన్న స్థిరాంకంతో కలిసిపోయి లెక్క తేలదు. కొత్తవాళ్లు తడబడేది సరిగ్గా ఇక్కడే. మేను వదిలేశామనుకోండి, ఏప్రిల్ గుణకం (ఆ గడికి లెక్క తేల్చే అంకె) ‘ట్రెండ్ పోగా మే కంటే ఎంత ఎక్కువ’ అన్నది చెబుతుంది. పై నాలుగేళ్ల లెక్కన అది 20 శాతం దరిదాపుల్లో ఉంటుంది. వచ్చే ఏప్రిల్ అంచనా కావాలంటే వరుస సంఖ్యను ముందుకు జరిపి, ఏప్రిల్ గడిలో 1 వేస్తే చాలు. అసలు వసూలు ఆ అంచనాకు ఎంత ఎగువనో దిగువనో ఉంటే, నా దృష్టిలో వార్త అంతే.

‘గత ఏడాది ఇదే నెలతో పోల్చితే సరిపోదా?’ అంటారు. సరిపోదు. లాక్‌డౌన్‌లో 2020 ఏప్రిల్ వసూళ్లు 32,172 కోట్లే. మరుసటి ఏప్రిల్‌ను దాంతో పోలిస్తే నాలుగు రెట్లకు పైనే! ఒక్క పాత అంకె మీద ఆనుకునే పోలిక, ఆ అంకె వంకరైతే తానూ వంకరవుతుంది. రిగ్రెషన్‌లో ఆ నెలకు విడిగా ఒక గడి ఇచ్చి పక్కన కూర్చోబెట్టవచ్చు.

నెలల గడులకు లొంగనిది దీపావళి. మన పండుగలు ఇంగ్లిషు నెలల మాట వినవు, పైగా అధికమాసం ఒకటి. పండుగ ముందు ఇరవై రోజుల కొనుగోళ్లు తీసుకోండి. 2023లో 9 రోజులు అక్టోబరులో, 11 నవంబరులో పడ్డాయి. 2024లో ఇరవైకి ఇరవై అక్టోబరులోనే. ఆ పన్ను కనబడేది మరుసటి నెలలో. కాబట్టి ఆ రోజుల సంఖ్యనే ఒక చలరాశిగా, ఒక నెల వెనక్కి జరిపి వేయాలి. లేకపోతే పంచాంగం చేసిన పనిని గిరాకీ ఖాతాలో రాసేస్తాం.

2025 సెప్టెంబరు 22న రేట్లు మారాయి. 12, 28 శ్లాబుల్లోని సరుకుల్లో ఎక్కువ భాగం 5కో 18కో దిగాయి. పాత గీతనే పొడిగిస్తే అంచనా తప్పడం ఖాయం. ఆ తేదీ తర్వాతి నెలలన్నిటికీ 1 వేసే కొత్త గడి ఒకటి కావాలి. దాని గుణకాన్ని నమ్మాలంటే కనీసం పన్నెండు నెలల అంకెలైనా చేతిలో ఉండాలి, వాటిలో ఒక ఏప్రిల్ తప్పకుండా.