సుతారి తప్పు మాట కాదు

వరంగల్, కరీంనగర్ వైపు వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతున్నది. గోడ కట్టేవాణ్ణి సుతారి అనడం పొరపాటనీ, ఆ మాటకు అసలు అర్థం వడ్రంగి అనీ, నిజాం కాలంలో ఉర్దూ నుంచి వచ్చి అర్థం తారుమారైందనీ, కనుక అచ్చ తెలుగు మాటైన మేస్త్రినే వాడాలనీ దాని సారాంశం. చదువుకున్నవారు సైతం నమ్మి పంచుతున్నారు కాబట్టి జవాబు చెప్పక తప్పదు.

వడ్రంగి అన్న వాదనలో సగం నిజమున్నది. ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ అవతలికి పోతే మరాఠీలో సుతార్ అంటే వడ్రంగే. గోడ కట్టేవాణ్ణి అక్కడ గవండి అంటారు. అయితే మరాఠీ అర్థమే మూలార్థమని తేల్చడానికి ఆధారం లేదు. ఈ మాటల వెనుక ఉన్న సంస్కృత సూత్రధార శబ్దం సూత్రం, అంటే దారం, పట్టినవాణ్ణి చెప్తుందే తప్ప ఆ దారం కర్ర మీద పడాలో రాతి మీద పడాలో చెప్పదు. 15వ శతాబ్దంలో మేవాడ్ రాణా కుంభా కొలువులో ఉండి గృహ, ఆలయ నిర్మాణాలపై గ్రంథాలు రాసిన మండనుడు సూత్రధారుడిగానే ప్రసిద్ధుడు. బెంగాల్‌లో సూత్రధర్లు కర్రపనితో పాటు ఇటుకలతో, కాల్చిన మట్టి పలకలతో గుళ్ళు కట్టారు.

మన సుతారి పని తీరు చూసినా ఇదే తెలుస్తుంది. రెండు మూలల్లో ఇటుకలు నిలిపి, నడుమ దారం బిగించి, దానికి అంచు ఆనీ ఆనకుండా వరుస పేరుస్తాడు; వరుస నిండగానే దారాన్ని పైకి జరుపుతాడు; నిలువు చూసే గుండు వేలాడేదీ దారానికే. వడ్లాయన కూడా దుంగ కోసే ముందు రంగు అద్దిన దారాన్ని లాగి కొట్టి గీత వేస్తాడు. ఇద్దరి చేతిలోనూ దారమే ఉన్నప్పుడు ఒక ప్రాంతం ఒకరికి, మరో ప్రాంతం ఇంకొకరికి ఆ పేరు నిలుపుకున్నది.

సుతారి ఉర్దూ నుంచి వచ్చిందన్న వాదన కూడా నిలవదు. ఉర్దూలో ఈ పనివాణ్ణి మేమార్ అనీ రాజ్ అనీ అంటారు.

నాటకంలోని సూత్రధారుడికి దీనితో పొత్తే లేదని కూడా ఆ సందేశం అంటున్నది. నాట్యశాస్త్రంలో పూర్వరంగం, అంటే నాటకానికి ముందు జరిగే తంతు, నడిపే ఆ సూత్రధారుడి పేరు బొమ్మలాట దారం నుంచి వచ్చిందా, కట్టడపు దారం నుంచి వచ్చిందా అన్నదానిపై పండితులకు ఏకాభిప్రాయం లేదు. శబ్దం మాత్రం ఒక్కటే.

ఇక అచ్చ తెలుగని చెప్పిన మేస్త్రి పోర్చుగీసు మెస్త్రె నుంచి వచ్చింది. గురువు, పనిలో ఆరితేరినవాడు అని దాని అర్థం. హిందీలో మిస్త్రీ అంటే వడ్రంగి కావచ్చు, గోడ కట్టేవాడు కావచ్చు, యంత్రాలు బాగుచేసేవాడూ కావచ్చు. బ్రిటిష్ పాలనలో తెలుగు కూలీలను బర్మాకు తీసుకుపోయిన దళారి కూడా మేస్త్రే. అంటే ఒకే అర్థం లేదని సుతారిని తప్పుపట్టేవారు అంతకన్నా ఎక్కువ అర్థాలున్న మాటను దాని స్థానంలో పెట్టమంటున్నారు. మేస్త్రి తెలుగులో కలిసిపోయింది, దాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు. కానీ హన్మకొండలో గానీ జమ్మికుంటలో గానీ ఇల్లు కట్టుకునేవారెవరూ సుతారిని పిలిచి దర్వాజా చెక్కమనరు. పాఠ్యపుస్తకాల్లోనూ కార్మికుల నమోదు పత్రాల్లోనూ మేస్త్రి పక్కన సుతారి అని కూడా ఉండాలి.