జాకెట్టా, రెక్కా?

మా మేనల్లుడు మొన్న చలికాలంలో అండమాన్ వెళ్ళి, హేవ్‌లాక్‌లో నాలుగు రోజులు స్కూబా డైవింగ్ నేర్చుకుంటూ సముద్రంలో మునిగి, ఒక కార్డు పట్టుకుని వచ్చాడు. 18 మీటర్ల లోతు దాకా దిగడానికి అర్హుడని ఆ కార్డు చెబుతుంది. అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం అవసరం పడేది కాదు. సంక్రాంతికి ఊరొచ్చి, టీ కొట్టు దగ్గర పదిమంది పెద్దమనుషుల ముందు, "మావయ్యా, నేను బీసీడీ తీసుకుందామనుకుంటున్నాను" అన్నాడు.

మాజీ సర్పంచిగారు గ్లాసు బల్ల మీద పెట్టేశారు. "అదెలా కుదురుద్ది బాబూ? మీ తాతగారి నాటి నుంచీ రికార్డుల్లో ఉన్నది వేరు కదా. ఇప్పుడు నువ్వొచ్చి డీ గ్రూపులో చేరతానంటే తహశీల్దారుగారు సంతకం పెడతారా?" అన్నారు. పక్కనే ఉన్న రిటైర్డ్ గుమాస్తాగారు ఏయే కాగితాలు జతచేయాలో వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలెట్టారు. ఇది కుల ధ్రువపత్రం కాదు, వీపుకు తగిలించుకునే గాలి సంచి అని మావాడు ఒప్పించేసరికి రెండో రౌండు టీ అయిపోయింది.

బీసీడీ అంటే బాయన్సీ కంట్రోల్ డివైస్. సిలిండరును వీపున మోసే పట్టీలు, వాటికి అమర్చిన ఒక గాలి సంచి. ఎడమ భుజం మీదుగా ఒక గొట్టం వేలాడుతుంది, దాని చివర రెండు బొత్తాలు. ఒకటి నొక్కితే సిలిండరులోంచి సంచిలోకి గాలి వస్తుంది. రెండోది నొక్కితే ఆ గాలి బయటికి పోతుంది. మునగకుండా, తేలకుండా, త్రిశంకుడిలా నీళ్ళ మధ్యలో నిలబెట్టడం దాని పని. 1943లో ఫ్రాన్స్‌లో కూస్తో, గాన్యాన్ కలిసి నీళ్ళలో ఊపిరి పీల్చుకునే అక్వాలంగ్ తయారుచేసిన రోజుల్లో ఈ సంచి లేదు. సిలిండరు కట్టుకుని, మునగడానికి బరువుగా సీసం కట్టుకుని దిగిపోయేవారు. 1961లో ఫెంజీ అనే ఫ్రెంచివాడు మెడకు తగిలించుకునే సంచి ఒకటి తెచ్చాడు. అది మెడ నుంచి ఒంటికీ, ఒంటి నుంచి వీపుకీ పాకి, చివరికి మా టీ కొట్టు దాకా వచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. ఈ సంచుల్లో జాతులున్నాయి. జాతులున్నచోట మావాళ్ళు ఊరుకోరు.

మొదటిది జాకెట్టు. ఈ మాట ఇంట్లో అనగానే మా అక్క బిత్తరపోయింది. "మగపిల్లాడివి, జాకెట్టేంట్రా? అంతగా కావాలంటే మన సెంటర్లో టైలరు కుడతాడుగా, అంత డబ్బెందుకు?" అంది. నిజానికి అది చేతుల్లేని కోటులాంటిది. గాలి వీపులోనే కాక పక్కటెముకల చుట్టూ కూడా నిండుతుంది. అందువల్ల నీటి పైకి వచ్చినప్పుడు మనిషి కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా, తల బయటపెట్టుకుని ఉంటాడు. జేబులుంటాయి. నేర్పే చోట, అద్దెకిచ్చే చోట ఎక్కువగా ఇదే ఇస్తారు. లోపమల్లా ఒకటే. పూర్తిగా గాలి నింపితే, పెళ్ళి భోజనం చేసి పాత చొక్కా బొత్తాలు పెట్టుకున్నట్టు పొట్ట దగ్గర బిగుసుకుంటుంది.

రెండోది రెక్క. వీపు మీద ఒక స్టీలు పలక లేదా అల్యూమినియం పలక, దాని వెనక గాలి సంచి, ముందు భాగంలో ఏమీ ఉండదు. రెండంగుళాల వెడల్పు పట్టీ ఒకటే భుజాల మీదుగా, నడుం చుట్టూ తిరుగుతుంది. స్టీలు పలకైతే రెండు మూడు కిలోలు తూగుతుంది, ఆ మేరకు నడుముకు కట్టే సీసం తగ్గుతుంది. గాలంతా వీపునే ఉంటుంది కాబట్టి మనిషి నీళ్ళలో బోర్లా, చదునుగా, ఏటికి ఎదురెక్కే పులసలా పడుకుంటాడు. ఈ సంచి పైకి జారిపోకుండా వెనకనుంచి కాళ్ళ మధ్యగా ముందుకు లాగి నడుం దగ్గర బిగించే పట్టీ ఇంకొకటి ఉంది. దాన్ని మావాడు క్రాచ్ స్ట్రాప్ అని ఏదో నాజూగ్గా చెప్పబోయాడు. మా పెదనాన్న అడ్డుపడి, "అంటే గోచీ" అన్నారు.

ఆ క్షణం నుంచి మా పెదనాన్న రెక్క పార్టీ. ఎనభై ఏళ్ళుగా గోచీ పెట్టి పంచె కట్టే మనిషికి, ప్రపంచంలో పేరుమోసిన గుహ ఈతగాళ్ళు కూడా గోచీ లేకుండా నీళ్ళలోకి దిగరని తెలిస్తే ఎంత ఊరట! ప్యాంటు తరం మీద ఆయన చేస్తున్న పోరాటానికి అంతర్జాతీయ మద్దతు దొరికింది. ఇక సర్పంచిగారు జాకెట్టు పార్టీ. కారణం ఏమిటని నేను అడగలేదు. పెదనాన్న ఒక పక్షాన ఉంటే ఆయన రెండో పక్షాన ఉండటం 1986 వరదల నాటి నుంచీ వస్తున్న ఆచారం. ఆ ఏడాది ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీళ్ళు వెళ్ళాయి. వీళ్ళిద్దరూ ఒకే అరటి బోదెల తెప్ప ఎక్కి, తెప్ప ఎటు నడపాలో తేలక సాయంత్రం దాకా ఒకే కొబ్బరిచెట్టు చుట్టూ తిరిగారని మా ఊళ్ళో చెప్పుకుంటారు.

మధ్యేమార్గం కూడా ఉంది. జాకెట్టులా జేబులూ మెత్తలూ ఉండి, గాలి మాత్రం వెనకే నిండే రకం. గాలి కాస్త ఎక్కువ కొడితే నీటి పైన మొహం ముందుకు తోసేస్తుంది. కాబట్టి దీన్ని సమర్థించేవాళ్ళు తరచూ తలదించుకోవాల్సి వస్తుంది, ఏ పార్టీలోనూ లేనివాళ్ళకు ఇది అలవాటే. సిలిండర్లను చంకల కింద చెరొకటి పెట్టుకునే సైడ్‌మౌంట్ అనేది ఇంకొకటుందట. ఇరుకు గుహల కోసం పుట్టింది. ఒండ్రుమట్టి డెల్టాలో గుహెక్కడిదని ఆ అంశాన్ని ఏకగ్రీవంగా కొట్టేశాం.

మూడు వారాలు చర్చ నడిచింది. నేను ఈ విషయంలో తటస్థుణ్ణి, నిపుణుణ్ణి కూడా. 2003 పుష్కరాల్లో మూడు మునకలు, 2015లో మూడు మునకలు వేశాను, అన్నీ మెట్టు పట్టుకునే. ఆ అనుభవంతో నేను లేవనెత్తిన సాంకేతిక అంశం ఏమిటంటే, ఉప్పునీళ్ళు. సముద్రం నీరు మంచినీటి కంటే రెండున్నర శాతం బరువు. సామానుతో కలిపి 100 కిలోలుండే మనిషి ధవళేశ్వరం దగ్గర సరిగ్గా తూగితే, అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసేచోట ఇంకో రెండున్నర కిలోల సీసం కట్టుకోవాలి. మరి పోటుకు ఉప్పునీళ్ళు, పాటుకు తీపినీళ్ళు వచ్చే యానాంలో ఏం చెయ్యాలి? ఆరు గంటలకోసారి సీసం మార్చుకోవాలా? ఈ ప్రశ్నకు రెండు పార్టీల దగ్గరా జవాబు లేదు. అసలు గోదావరిలో ఎవరు దిగుతున్నారు, చెయ్యి పెడితే చెయ్యి కనబడని నీళ్ళలో ఏం చూస్తారు అని ఎవరో కుర్రాడు అడిగాడు. పెద్దలు మాట్లాడుతుంటే మధ్యలో వచ్చాడని పంపించేశాం.

ఇలా సాగుతుండగా ఒకాయన టీకి వచ్చాడు. మా ఊరివాడే, ధవళేశ్వరం వైపు ఇసుక పడవ మీద పని. వాళ్ళ పని చూడనివాళ్ళకు చెప్పాలి. పడవ పక్కన గెడ దింపుతారు. మనిషి బకెట్టు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఆ గెడ వెంట అడుక్కి పోతాడు. ఇసుక నింపుకుని పైకొస్తాడు. మళ్ళీ పోతాడు. పొద్దున్నించీ అదే. సిలిండరు లేదు, సంచి లేదు, కార్డు అంతకంటే లేదు. డెల్టా మొత్తంలో రోజూ నిజంగా నీళ్ళ అడుక్కి వెళ్ళే మనిషి మా చర్చకు రావడం అదే మొదటిసారి. కూర్చోమని కూడా ఎవరికీ తోచలేదు.

నిలబడే విన్నాడు. విని, మావాణ్ణి అడిగాడు.

"బాబుగారూ, ఆ సీసం ఎందుకండి?"

"రబ్బరు డ్రెస్సు వేసుకుంటాం కదండీ, అది తేలిపోతుంది. సీసం కట్టుకుంటే మునుగుతాం."

"మరి గాలెందుకండి?"

"లోతుకు పోయేకొద్దీ డ్రెస్సు నొక్కుకుపోయి తేలుడు తగ్గుతుంది. పైగా సీసం ఎక్కువైతే మరీ కిందికి లాగేస్తుంది. అందుకని సంచిలో గాలి కొడతాం."

"కొట్టిన గాలి ఊరుకుంటదాండి?"

ఊరుకోదు. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ సంచిలో ఉన్న గాలి పైకొచ్చేసరికి రెట్టింపు చోటు అడుగుతుంది. ఎప్పటికప్పుడు వదలకపోతే మనిషిని బుడగలా పైకి విసిరేస్తుంది. సంచిలో ఎంత ఎక్కువ గాలి ఉంటే అంత ఎక్కువ గొడవ. మావాడు ఇదంతా చెప్పాడు.

"అయితే ఎక్కువ కట్టుకున్న సీసం కోసం ఎక్కువ గాలి, ఎక్కువ కొట్టుకున్న గాలి కోసం ఇంత టెన్షన్ అన్నమాట. ఆ సీసమేదో ముందే తగ్గించుకుంటే సరిపోద్ది కదండి?" అన్నాడాయన.

మావాడి మొహంలో రంగు మారింది. హేవ్‌లాక్‌లో మొదటిరోజు 8 కిలోలు కట్టుకుని దిగాననీ, మూడోరోజు నేర్పించేవాడు సరిగ్గా ఇదే మాట చెప్పి 5 కిలోలకు దించాడనీ, ఆ తర్వాత సంచి ఏ రకందో కూడా గుర్తులేనంత హాయిగా ఈదాననీ ఒప్పుకున్నాడు. సభలో కలకలం. అయితే సీసం ప్రస్తావన అజెండాలో లేదని సర్పంచిగారు గుర్తుచేశారు. మూడు వారాల్లో మొట్టమొదటిసారి మా పెదనాన్న ఆయనతో ఏకీభవించారు. ఇసుక పడవ ఆయన టీ డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు.

ఓటింగులో రెక్క గెలిచింది. గోచీ ఓట్లు ఒక్కటిగా పడ్డాయి. స్టీలు పలకతో, 13 కిలోల బరువును తేల్చగల సంచితో సామాను ఆర్డరు పెట్టాం. అది వచ్చేసరికి ఏప్రిల్ ఆఖరు, అప్పటికే కాలవలు కట్టేశారు. మా పక్క కాలవలో గేదెలు కూడా అడుగు తడవకుండా దాటుతున్నాయి. లంక వైపు పాయలో మోకాలి లోతు. చివరికి రొయ్యల చెరువుందిగా అని రెక్క మోసుకుని ఊరంతా ఊరేగింపుగా వెళ్ళాం. చెరువు లోతు ఐదడుగులు, మావాడు ఐదడుగుల తొమ్మిదంగుళాలు. సంచిలో గాలి ఉన్నా లేకపోయినా తల బయటే ఉంటుంది. అయినా పరీక్షిద్దామన్నాం. చెరువుగలాయన చేతులు జోడించారు. "మీకు దండం పెడతానండి. డెబ్బై రోజుల కల్చరు. రొయ్యకి టెన్షన్ వస్తే మేత ముట్టదండి."

రెక్క ప్రస్తుతం మా అక్క ఇంట్లో దండెం మీద ఉంది. ఆ స్టీలు పలక వడియాలు పెట్టుకోవడానికి వస్తుందేమోనని అక్క రెండుసార్లు తిప్పి చూసింది, చిల్లులున్నాయని వదిలేసింది. కాలవలకు జూన్‌లో నీళ్ళు వదులుతారు. అప్పటిదాకా ఖాళీగా ఉండలేక, కాళ్ళకు తొడిగే ఫిన్స్‌కు రబ్బరు పట్టీ మంచిదా, స్ప్రింగు పట్టీ మంచిదా అనే అంశాన్ని వచ్చే ఆదివారానికి పెట్టాం. సర్పంచిగారు అప్పుడే స్ప్రింగు వైపు ఉన్నారని వినికిడి. మా పెదనాన్నకు కబురు వెళ్ళింది.