ఇంజను బాగుచేయండి, తొందరేం లేదు

కోనసీమ మీదుగా వెళ్లాల్సిన కోటిపల్లి–నర్సాపురం రైలు మార్గం 2000–01 లో మంజూరైంది. పొడవు 57 కిలోమీటర్లు. అంతకంటే పొడుగైన లైన్లు దేశంలో చాలానే పూర్తయ్యాయి, కాదనను. కానీ వాటిలో దేనికీ మన లైనుకున్నంత నిదానం లేదు. గోదావరి పాయ గౌతమిలో వంతెన స్తంభాలు లేచి నిలబడ్డాయి. అమలాపురానికి కూత మాత్రం ఇంకా వినబడలేదు. ఇంతలో మనం పట్టించుకోవలసిన పెద్ద ప్రశ్న ఒకటి అలా వదిలేశాం. ఆ లైను వచ్చిన రోజున మొదటి రైలును ఏ ఇంజను లాగాలి?

నా ప్రతిపాదన ఇది. తుక్కుకు పోబోతున్న పాత డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజనొకటి సంపాదించి, గోదావరి జిల్లాల మెకానిక్కుల చేతే దాన్ని బాగుచేయించాలి. మిగతా ప్రపంచమంతా ముందు పట్టాలు వేసి తర్వాత ఇంజను వెతుక్కుంటుంది. మనకు పట్టాల సంగతి మన చేతిలో లేదు కాబట్టి ఇంజను వైపు నుంచి నరుక్కొద్దాం.

ఎందుకు అదే ఇంజను అంటారేమో. దాని జాతకం మన లైనుకు అతికినట్టు సరిపోతుంది. 1962 లో అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి మొదటివి దిగాయి. 1964 నుంచి వారణాసిలో మనవాళ్లే తయారుచేశారు. 1969 లో అక్కడ ఆల్కో మూతపడింది. ఇక్కడ మాత్రం అదే డిజైను 1990ల దాకా బయటికి వస్తూనే ఉంది. కన్న కంపెనీ పోయినా పని ఆపని ఇంజనుకు, ఎన్ని ప్రభుత్వాలు మారినా పని పూర్తికాని లైనుకు ఇంతకంటే మంచి సంబంధం ఎక్కడ దొరుకుతుంది?

కొంతమంది డీజిల్ పొగ అంటూ ముఖం చిట్లిస్తారు. నిజమే, థ్రాటిల్ పెంచగానే, ఇంజనులోకి గాలి నెట్టే టర్బో అందుకునేదాకా నల్లటి పొగ గుప్పుమంటుంది. అది నడిచిన రోజుల్లో తెల్ల పంచెల మీద మసి పడిందని తిట్టినవాళ్లే ఇప్పుడు ఆ చప్పుడు వీడియోలు పెట్టుకుని కళ్లు తుడుచుకుంటున్నారు. వారసత్వ సంపద అంటే ఇదే. వాడుకలో ఉన్నన్నాళ్లు తిట్టాలి, తీసేశాక దండ వేయాలి. రాజమండ్రి దగ్గర గోదావరి మీదున్న పాత రైలు వంతెన, హేవలాక్ వంతెన చూడండి. 1900 నుంచి రైళ్లు మోసి 1997 లో రిటైరైంది. అప్పటినుంచి దాన్ని పర్యాటక కేంద్రం చేస్తామన్న ప్రకటనలు మోస్తోంది. రైళ్లే తేలికనిపించి ఉంటుంది పాపం.

ఇక అసలు పని. ఏళ్ల తరబడి ఎండకూ వానకూ నిలబడ్డ ఇంజనుకు బ్యాటరీ తగిలించి స్టార్ట్ కొడదామనుకునే ఉత్సాహవంతులను దగ్గరికి రానివ్వకూడదు. పదహారు సిలిండర్లలో ఏ ఒక్కదాంట్లో పిస్టన్ మీద నీళ్లు నిలిచినా గొడవే. నీళ్లు నొక్కితే నొక్కుకుపోవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకని ముందు సిలిండర్ల టెస్ట్ కాక్‌లు, అంటే పరీక్షకు పెట్టిన చిన్న కుళాయిలు తెరిచి, క్రాంక్ షాఫ్టును చేత్తో మెల్లగా తిప్పాలి. ఏ రంధ్రంలోంచి నీళ్లు చిమ్ముతాయో చూడాలి. ఆ తర్వాత అడుగున ఉన్న నూనె కొంచెం తీసి చూడాలి. అది మజ్జిగలా తెల్లబడిందంటే ఎక్కడో లైనరు (సిలిండరు లోపలి గొట్టం) రబ్బరు రింగులు పోయి నీళ్లు కలిశాయన్నమాట. చక్రాలను తిప్పే ఆరు ట్రాక్షన్ మోటార్లను విప్పి, ఆరబెట్టి, ఇన్సులేషన్ పరీక్షించాలి. మన ఉప్పుగాలిలో వేయించిన అప్పడమే కరకరలాడదు, మోటారు తీగచుట్టలు పొడిగా ఎలా ఉంటాయి?

ఇదంతా మనవాళ్ల వల్ల అవుతుందా అని అనుమానం వస్తే కోటిపల్లి రేవుకు వెళ్లి, నది దాటించే ముక్తేశ్వరం పంటు ఎక్కండి. నేనెక్కాను. మోటారు సైకిళ్లు, గడ్డిమోపులు, ఒక పెళ్లి బృందం, వాళ్లందరి మధ్య ఎప్పుడో లారీలోంచి దింపినట్టున్న ఇంజను. దాని మూతకు బదులు గోనెసంచి, గోనెసంచి మీద ఒక ఇటుక. మెకానిక్కు ఒక చెయ్యి ఇంజను మీద ఆనించి, ఎటో చూస్తూ చప్పుడు వింటున్నాడు. కాసేపటికి వంగి ఒక నట్టు పావు చుట్టు బిగించాడు. చప్పుడు సర్దుకుంది.

"ఏవండీ, పదహారు సిలిండర్లది, 2600 హార్స్ పవర్ ఇంజను. బాగుచేయగలరా?" అన్నాను.

"సిలిండర్లెన్నయితే ఏముందండీ? నీళ్లూ నూనే కలవకూడదు, గాలీ డీజిలూ కలవాలి. అంతే కదండీ" అన్నాడు గుడ్డకు చేతులు తుడుచుకుంటూ. "ఎప్పటికి కావాలండీ?"

"కోటిపల్లి నుంచి నర్సాపురానికి రైలు వెళ్లేటప్పటికి."

ఆయన ఒకసారి నదిలో స్తంభాల వైపు చూశాడు. "అయితే మా అబ్బాయి చేస్తాడులెండి. ఆరో తరగతి చదువుతున్నాడు."

సాంకేతిక సమస్య అక్కడితో తీరిపోయింది. మిగిలింది రంగు. ఇదే కష్టమైన భాగం. పసుపు వేస్తే ఒక పార్టీ ఇంజనంటారు, నీలం వేస్తే ఇంకో పార్టీది అంటారు. పంచాయతీ ఆఫీసు గోడల దగ్గరే మనకు ఈ విషయంలో బోలెడంత అనుభవం ఉంది. కనుక ప్రభుత్వం మారినప్పుడల్లా కొత్త పూత తప్పదు. డబ్ల్యూడీఎం-2 బరువు 112.8 టన్నులు. నాలుగు ఎన్నికల తర్వాత దాన్ని మళ్లీ కాటాకు పెట్టి, వంతెనలు మోస్తాయో లేదో లెక్క చూసుకోవాలి.

డీజిల్ సంగతి కూడా ఆలోచించాను. ట్యాంకులో 5000 లీటర్లు పడుతుంది. కరెంటు పోయినప్పుడల్లా జనరేటర్ పెట్టి, చెరువు నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు తిప్పుకునే రొయ్యల రైతు ముందు ఆ ట్యాంకు నింపడం మర్యాద కాదు. రాత్రిపూట నింపుదాం.

ఒక్క అభ్యంతరం మాత్రం బలమైనది. దేశమంతా బ్రాడ్‌గేజి లైన్ల మీద కరెంటు తీగలు వేసేస్తున్నారు, మన లైను తయారయ్యేటప్పటికి డీజిల్ ఇంజనుతో పనేముంటుందని. ఉండదు. అందుకే బాగుచేయమంటున్నాను. పనికొచ్చే ఇంజనైతే దాన్ని ఎవరో ఒకరు ఇంకో లైనుకు పట్టుకుపోతారు. మనకా అనుభవమూ ఉంది. కాకినాడ–కోటిపల్లి పట్టాలను రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పీక్కుపోతే, మళ్లీ రైలు ముఖం చూడడానికి 2004 దాకా ఆగాల్సి వచ్చింది. పనికిరాని ఇంజనుకు ఆ భయం లేదు.

ఖర్చు అంచనా విడిగా జతచేస్తున్నాను. లైనర్లు, గేస్కెట్లు, బ్యాటరీలు, నాలుగు విడతల పెయింటు అన్నీ అందులో ఉన్నాయి. ప్రారంభోత్సవానికి కొబ్బరికాయలు మాత్రం చూపలేదు. కోనసీమలో వాటికి టెండరు పిలిస్తే నవ్విపోతారు.