శ్రీకాకుళంలో స్టార్టప్ నిలబడదన్న మాట తప్పు

మన జిల్లా వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ‘శ్రీకాకుళం, విజయనగరంలో స్టార్టప్ పెట్టడం దండగ. ఇన్వెస్టర్లు లేరు. జనానికి ఆన్‌లైన్ అంటే నమ్మకం లేదు. బెంగళూరులో హిట్టయిన యాప్‌ని తెచ్చి దించితే తప్ప ఏదీ నడవదు. నడిచినా ఒక్క తుపానుతో సరి’ అని దాని సారాంశం. చదువుకున్న పిల్లలు ఇది నమ్మి ఊరొదిలిపోతుంటే బాధేస్తోంది. అందుకే ఒక్కో మాటకీ జవాబు చెబుతున్నాను.

ఇన్వెస్టర్ల సంగతి. సాఫ్ట్‌వేర్ కంపెనీ జోహో 1996లో మొదలై, వెంచర్ క్యాపిటల్ (వాటా తీసుకుని ఇన్వెస్టర్లు పెట్టే డబ్బు) మీద ఆధారపడకుండా, కస్టమర్లు కట్టే డబ్బుతోనే పెరిగింది. అంత దూరం ఎందుకు, జీఎంఆర్ గ్రూపు పుట్టింది 1978లో మన రాజాంలో, జనపనార మిల్లుతో. తర్వాత పెద్ద నగరాలకు వెళ్లిన మాట నిజమే. కానీ ముందు ఇక్కడ నిలదొక్కుకున్నాకే వెళ్లింది.

నమ్మకం లేదంటారా? ఫ్లిప్‌కార్ట్‌కీ అదే ఎదురైంది. కార్డు నంబరు ఇవ్వడానికి జనం జంకుతుంటే 2010లో క్యాష్ ఆన్ డెలివరీ పెట్టింది. కెన్యాలో మొబైల్ ఫోన్‌తో డబ్బు పంపే ఎం-పెసా సేవను మొదట చిన్న రుణాల వాయిదాలు కట్టడానికి ప్రయత్నించి చూశారు. జనం దాన్ని ఒకరికొకరు డబ్బు పంపుకోవడానికి వాడుతున్నారని గమనించి, 2007లో ఆ పనికే మార్కెట్లోకి తెచ్చారు. డబ్బు వేయడానికీ తీయడానికీ వీధి చివరి కొట్టువాళ్లనే ఏజెంట్లుగా పెట్టుకున్నారు. జనం మారేదాకా వీళ్లు కూర్చోలేదు, తామే మారారు.

మెసేజ్‌లో నాకు అన్నిటికన్నా అభ్యంతరం ‘యాప్ తెచ్చి దించడం’ మీద. మన జిల్లా తీరంలోని ఉద్దానం జీడి రైతునే తీసుకోండి. పిక్కలు (తొక్కతో ఉన్న జీడిగింజలు) వేసవిలో ఒక్కసారిగా దిగుతాయి. బేరం 80 కిలోల బస్తా లెక్కన సాగుతుంది. దాచుకోవడానికి చోటుండదు, ఇంట్లో డబ్బు అవసరం ఆగదు. అంతకుముందే వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉంటే ఇక ధర అడిగే నోరెక్కడిది? అలాంటి మనిషికి ఫోన్లో రేట్లు చూపించే యాప్ ఎందుకు? బస్తాలు పెట్టుకోవడానికి గోదాం, వాటి మీద అప్పు, రేటు బాగున్నప్పుడు అమ్ముకునే వీలు కావాలి. గోదాం రసీదు మీద బ్యాంకు అప్పిచ్చే పద్ధతి మన దేశంలో ఉంది. దాన్ని నాలుగు బస్తాలున్న చిన్న రైతు గుమ్మం దాకా తేవడమే అసలు పని. ఈ లెక్క బెంగళూరులో కూర్చున్నవాడికి తట్టదు, ఉద్దానంలోని మందస కుర్రాడికి తడుతుంది.

ఇక తుపాను. 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానాన్ని ఊడ్చేసింది. కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో సహా కూలిపోయాయి. ఆ నష్టాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమ మూతపడలేదు. స్థానిక పంట చాలదని ఆఫ్రికా దేశాల పిక్కలు కూడా తెప్పించుకోవడం అక్కడివాళ్లకు అలవాటే. గుండు పప్పుకో రేటు, బద్దకో రేటు, ముక్కకో రేటు. పిక్క తొక్కు కూడా నూనె తీయడానికి పోతుంది. సరుకు ఒక్కచోటి నుంచే రావాలని, ఒక్క రకమే అమ్మాలని వాళ్లు కూర్చోలేదు. రైతుకి మాత్రం ఆ వెసులుబాటు లేదు. కూలిన చెట్టు చోట నాటిన మొక్క కాపుకొచ్చేదాకా ఏళ్ల తరబడి ఇల్లు గడవాలి. ఆ ఏళ్లకు ఆదాయం చూపించే పని ఎవరు మొదలుపెట్టినా ఉద్దానంలో కస్టమర్ల కోసం వెతకనక్కర్లేదు.