ప్యానెల్ తెరుచుకునేలోపు పీరియడ్ హరీ

భీమిలి రోడ్డులో ఒక హైస్కూల్లో సైన్స్ చెబుతాను. గోడకి పెద్ద టచ్ ప్యానెల్ ఉంది, చూడ్డానికి భలే ఉంటుంది. పీరియడ్ 45 నిమిషాలు. అది ఆన్ అయి, అప్‌డేట్ అడిగి, నెట్ కోసం నేను నా ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, ఈలోగా కరెంటు పోయి మళ్లీ మొదట్నుంచి మొదలెట్టేసరికి పదిహేను నిమిషాలు గోవిందా. "సార్, మీ ఛార్జింగ్ 12 శాతమే ఉంది" అని వెనక బెంచీ నుంచి ఒకడు.

సరే, వీడియో వచ్చిందే అనుకోండి. ఒకాయన ఇంగ్లీషులో గడగడా చదువుతాడు, అవే మాటలు తెర మీదా పడతాయి, వెనక మ్యూజిక్ ఒకటి. చెవికీ కంటికీ ఒకే వాక్యం పోస్తే పిల్లాడు బొమ్మ వదిలేసి అక్షరాల వెంట పడతాడు. రిచర్డ్ మేయర్ అనే సైకాలజిస్టు ప్రయోగాలు చేసి మరీ చెప్పిన సంగతే ఇది. ఒకరోజు సౌండ్ తీసేసి, గుండె కవాటం మూసుకునే చోట ఆపి "ఇప్పుడు రక్తం ఎటు పోవాలి?" అన్నాను. క్లాసంతా లేచింది! అంటే నా గొడవ ప్యానెల్‌తో కాదు.

మొన్న సోషల్ సార్ సెలవు పెడితే ఆటుపోట్ల పాఠం నా మీద పడింది. సముద్రం నడిచి వెళ్లే దూరం, సగం మంది పిల్లల నాన్నలు వేటకెళ్లేవాళ్లే, పోటు ఎప్పుడో నాకంటే వాళ్లకే తెలుసు. పిల్లల్ని బయటికి తీసుకెళ్తానంటే స్కూల్లో పైవాళ్లు "వీడియో వేసిన ఫొటో అప్‌లోడ్ చేయాలి కదండీ" అన్నారు. కిటికీ మూసి, ఎక్కడిదో సముద్రం చూపించాను.