ఏడవ గ్రహానికి ఒక విన్నపం

మహారాజశ్రీ స్పీడ్ బ్రేకరు గారికి, తమరికి సరిగ్గా పదకొండు అడుగుల దూరంలో కాపురముంటున్న ఒక గృహస్థుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మా నడుములు, మా కిటికీ అద్దాలు, మా కారు అడుగుభాగం తప్ప మిగతావన్నీ క్షేమం. మొన్నటి వానలకు తమరి చుట్టూ ఉన్న రోడ్డంతా కొట్టుకుపోయినా తమరు మాత్రం చెక్కుచెదరలేదని గమనించి, తమరికి వాడిన సరుకునే రోడ్డుకూ వాడి ఉంటే ఎంత బాగుండేదో అని ఇంటిల్లిపాదీ అనుకుంటున్నాము.

తమరిని కోరి తెచ్చుకున్నది మేమే అనే సంగతిని ముందే ఒప్పుకుంటున్నాను. హైదరాబాదులో రెండు మెయిన్ రోడ్ల మధ్య అడ్డదారిగా దొరికిపోయిన 30 అడుగుల వీధి మాది. సిగ్నలు దగ్గర రెండు నిమిషాలు ఆగడం నామోషీ అనుకునే ప్రతి వాహనదారుడికీ ఫోనులోని మ్యాపు మా ఇళ్ల ముందు నుంచే దారి చూపిస్తుంది. పోయిన డిసెంబరులో మా వరుసలోని నాలుగో ఇంటి కుర్రవాడు సైకిలు మీద గేటు దాటుతుండగా ఒక బైకు వచ్చి తగిలి, కాలి ఎముక విరిగింది. సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న మాట మాకు అప్పటికి తెలియదు కానీ, పిండికట్టుతో అరుగు మీద కూర్చున్న పిల్లవాడిని చూశాక మాకు ఏ సంస్థా చెప్పవలసిన అవసరం లేకపోయింది. ఆ ఆదివారమే అర్జీ రాశాము. మొదటి సంతకం నాదే.

నెల తిరగకముందే కమ్యూనిటీ హాలు గోడకు ఒక నక్షా అంటించారు. దాని పైన పెద్ద అక్షరాలతో 'ట్రాఫిక్ కామింగ్ ప్లాన్' అని ఉన్నది. మా సంఘం కోశాధికారి దానిని 'ట్రాఫిక్ కమింగ్' అని చదువుకుని, అసలే వస్తున్న ట్రాఫిక్కుతో చస్తుంటే ఇంకా తెప్పిస్తారా అని అరగంట సేపు అరిచారు. ఆయనను శాంతపరచి, ఇది వాహనాలకు శాంతి చేసే పథకమని వివరించగా, వెనక వరుసలో కూర్చున్న పంతులు గారు నక్షాలోని ఎర్ర గీతలను వేలితో లెక్కపెట్టి, "తొమ్మిది ఉన్నాయండీ, అయితే ఇది నవగ్రహ శాంతే" అన్నారు. నాలుగు వందల మీటర్ల వీధికి తొమ్మిది మంది తమరు!

తరువాత జరిగిన చర్చ తమరు వినదగినది. స్పీడ్ బ్రేకరు ఉండాలన్న విషయంలో సభ ఏకగ్రీవం. అది ఎవరి గేటు ముందు ఉండాలన్న విషయంలోనూ సభ ఏకగ్రీవమే, పక్కవాడి గేటు ముందు. ఒకరు తమ సింహద్వారానికి ఎదురుగా మిట్ట ఉంటే వాస్తు ఒప్పుకోదన్నారు. ఇంకొకరు అమ్మాయికి సంబంధాలు చూస్తున్నామని, పెళ్లివారి కారు గుమ్మం ముందే ఎగిరిపడితే శకునం బాగుండదని అన్నారు. కిందటి వారమే కొత్త కారు కొన్న పెద్దమనిషి ఏమీ అనలేదు కానీ, నక్షా మీద తన ఇంటి ముందున్న ఎర్ర గీతను చాలాసేపు బొటనవేలితో రుద్దారు. ఈలోగా నేను టీ తాగడానికి బయటికి వెళ్లిన ఐదు నిమిషాల్లో ఏడవ గీత మా గేటుకు ఖాయమైపోయింది. రవి, చంద్ర, కుజ, బుధ, గురు, శుక్రుల తరువాత ఏడవ గ్రహం ఎవరో తమరికి చెప్పనక్కరలేదు. అయితే ఏలినాటి శని కూడా ఏడున్నరేళ్లకు వదిలిపోతుంది. తమరి గడువు ఏ పంచాంగంలోనూ కనిపించడం లేదు.

తమరి వంశం మాత్రం సామాన్యమైనది కాదు. ఎక్స్ కిరణాల మీద చేసిన పరిశోధనకు 1927లో నోబెల్ బహుమతి అందుకున్న ఆర్థర్ కాంప్టన్, 1953లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, తాను ఛాన్సలరుగా పనిచేసిన విశ్వవిద్యాలయం ఆవరణలో కార్ల జోరు చూడలేక తమరి పూర్వీకులలో ఒకరిని స్వయంగా రూపొందించారు. 1970ల్లో బ్రిటన్ రవాణా పరిశోధనశాలవారు కొలతలు మార్చి మార్చి పరీక్షలు చేసి, పన్నెండు అడుగుల వెడల్పుతో మెల్లగా లేచి మెల్లగా దిగే రూపాన్ని తమరి కులానికి ప్రసాదించారు. మన దేశంలో రోడ్లకు ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కూడా అదే బాటలో 17 మీటర్ల వ్యాసార్ధపు వంపు, 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే వాహనం గంటకు 25 కిలోమీటర్ల వేగంతో సుఖంగా దాటుతుందని రాసిపెట్టింది. అంతటి ప్రవర ఉన్న తమరు మా వీధిలో అవతరించిన విధానాన్ని నేను బాల్కనీ నుంచి కళ్లారా చూశాను. రాత్రి పదకొండు గంటలకు ఒక ట్రాక్టరు వచ్చింది. వేరేచోట మిగిలిన తారు, కంకర కుప్పగా పోశారు. ఒకాయన చెప్పులతో అడుగులు వేసి కొలిచాడు, ఇంకొకాయన పార వెనక్కు తిప్పి నాలుగు దెబ్బలు కొట్టాడు. అంతటితో తమరి ప్రాణప్రతిష్ఠ ముగిసింది.

మరునాడు పొద్దున్నే మా మనవరాలి కంపాస్ పెట్టెలోని స్కేలు తెచ్చి, అడ్డంగా ఒక దారం లాగి పట్టుకుని తమరిని కొలిచాను. ఎత్తు 14 సెంటీమీటర్లు. వెడల్పు కొలవడానికి రెండవ స్కేలు అవసరం రాలేదు, నాలుగుసార్లు మార్చి పెడితే సరిపోయింది, అంటే 60 సెంటీమీటర్లు. వాహనదారుడు ముందే జాగ్రత్తపడడానికి 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు పెట్టాలని కూడా నియమం ఉన్నది. మా వీధిలో ఆ నియమం పాటించాలంటే ఏడవవారి బోర్డును ఆరవవారి నెత్తిన నాటాలి. బహుశా ఈ చిక్కు వల్లనే ఒక్క బోర్డు కూడా పెట్టలేదు.

కొలతలదేముంది, గట్టు గట్టే కదా అని తమరు అనవచ్చు. అసలు తకరారంతా అక్కడే ఉన్నది. వెడల్పైన గట్టు మీద వేగం పెరిగేకొద్దీ లోపల కూర్చున్నవాడికి ఇబ్బంది పెరుగుతుంది, కాబట్టి వాడు తగ్గుతాడు. తమరివంటి వెడల్పు తక్కువ గట్టు మీద పద్ధతి తిరగబడుతుంది: వేగంగా వచ్చినవాడి కుదుపును టైర్లు, స్ప్రింగులు మింగేస్తాయి, మెల్లగా, మర్యాదగా వచ్చినవాడికి మాత్రం ముందు చక్రం ఒకసారి, వెనక చక్రం ఒకసారి, రెండుసార్లు వెన్నుపూసలోకి దిగుతుంది. అరవై మీద వచ్చే కుర్రకారు ఒక్క 'ధడ్'తో తమరిని దాటిపోతుంటే, ఇరవై మీద వచ్చే మా ఎదురింటి రిటైర్డు హెడ్‌మాస్టరు గారు స్కూటరు దిగి, నడిపించుకుంటూ దాటి, మళ్లీ ఎక్కుతున్నారు. ఆయన తొమ్మిదిసార్లు దిగి ఎక్కడం చూస్తే ప్రదక్షిణలు గుర్తుకు వస్తాయి. నేరస్థుడిని క్షమించి సాక్షిని శిక్షించే న్యాయస్థానాన్ని వీధి మధ్యన ఇంత తక్కువ ఖర్చుతో కట్టగలమని మేము ఊహించలేదు.

ఇక ద్విచక్ర వాహనాల విషయం. తమరి అంచుకూ మురుగుకాలువ మూతకూ మధ్య ఒక అడుగున్నర ఖాళీ మిగిలింది. పిల్లవాడి కాలు విరగ్గొట్టింది బైకు. తమరు వచ్చింది బైకుల కోసం. ఇప్పుడు బైకులన్నీ తమరిని వదిలేసి, ఆ అడుగున్నర సందులోంచి, అంటే పిల్లలు అడుగు బయటపెట్టే గేట్లను రాసుకుంటూ, వేగం తగ్గించకుండా పోతున్నాయి. పూర్వం వీధి మధ్యలో ఉన్న ప్రమాదాన్ని తమరు జాగ్రత్తగా మా గుమ్మాల దాకా దిగబెట్టారు. (నా స్కూటరు కూడా ఆ సందులోంచే పోతుంది. నడుము నాది కదా.)

వానాకాలంలో తమరి మహిమ ఇంకా విచ్చుకున్నది. మా వీధి తూర్పుకు వాలు. పూర్వం ఎంత వాన పడ్డా గంటలో నీళ్లు పోయేవి. ఇప్పుడు తమరి వెనక ఆగిన నీరు మా సెల్లారులోకి దిగుతున్నది. పక్కింటివారి చెప్పులు మా ఇంటికీ, మా చెప్పులు ఐదవ గ్రహం దాకా ప్రయాణిస్తున్నవి. హుస్సేన్‌సాగరుకు ఒకే ట్యాంక్‌బండ్ ఉన్నది, మాకు తొమ్మిది ఉన్నవి. విగ్రహాలే తక్కువ. రాత్రిళ్లు ఖాళీ నీళ్ల ట్యాంకరు తమరి మీదుగా పోయినప్పుడు మా అలమరలోని స్టీలు గ్లాసులు పలికే స్వరాలను గురించి ఫిర్యాదు చేయదలచుకోలేదు, దానికి అలవాటుపడ్డాము. తమరి పుణ్యమా అని బాగుపడ్డవారు కూడా ఒకరున్నారు: మూల మీది మిర్చి బజ్జీల బండి. ప్రతివాడూ అక్కడ ఆగక తప్పదు, ఆగాక వాసన తగలక తప్పదు.

ఆగస్టులో మా వెనక వాటా మామ్మగారు స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. 108 వచ్చింది. నేనూ ఎక్కాను. డ్రైవరు తల వెనక్కు తిప్పి, "సార్, మెయిన్ రోడ్డు దాకా ఎన్ని ఉన్నయ్?" అని అడిగాడు, ఆ గొంతును బట్టి, ప్రతి కాలనీలోనూ అతను అడిగే మొదటి ప్రశ్న అదేనని అర్థమైంది. మా ఇంటి నుంచి మూడు. మామ్మగారు కళ్లు మూసుకుని, పళ్లు బిగించి, స్ట్రెచరు కడ్డీ పట్టుకుని మూడూ లెక్కపెట్టారు. మూడవది దాటాక, "అయిపోయాయా నాయనా?" అని అడిగారు. అయిపోయాయని చెప్పాను. నక్షా గీసినవారు ఒక్కసారి ఆ బండిలో పడుకుని మా వీధి దాటి ఉంటే ఎర్ర గీతలు తొమ్మిది ఉండేవి కావు.

తమరి దయవల్ల మా వీధిలో కార్లు కొంత తగ్గిన మాట నిజమే. అవి పక్క వీధికి వెళ్లాయి. పక్క వీధివారు తమ సొంత ఖర్చుతో, వినాయక మండపానికి తెచ్చిన సిమెంటు మిగిలితే దానితో పదకొండు గట్లు కట్టుకున్నారు. ఆ పై వీధివారు చందాలు వసూలు చేస్తున్నారు.

కాబట్టి తమరిని తొలగించమని ఈ లేఖలో అడగడం లేదు. అడిగితే రేపటి సమావేశంలో నాలుగో ఇంటివారి ముఖం చూడలేను. పైగా తమరు లేనినాడు వచ్చే బైకుల వేగం కూడా నాకు గుర్తున్నది. తొమ్మండుగురిలో ఆరుగురు విశ్రాంతి తీసుకోవాలని, మిగిలిన ముగ్గురూ తమరి వంశమర్యాద ప్రకారం పన్నెండు అడుగులకు పెరిగి, నాలుగంగుళాలకు తగ్గి, కాలువ అంచు దాకా చేతులు చాచి, నీళ్లకు మాత్రం దారి వదలాలని, ఒంటి మీద చీకట్లో మెరిసే చారలు వేయించుకోవాలని మనవి. తమరిని పుట్టించినవారికి అర్జీ ఇచ్చాము. రోడ్డును ప్రమాణాల ప్రకారం కట్టకపోవడం వల్ల ఎవరైనా చనిపోయినా, అంగవైకల్యం పొందినా బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చని 2019 నాటి మోటారు వాహనాల చట్ట సవరణలో 198ఎ సెక్షను చెబుతున్నదని కూడా అందులో వినయంగా రాశాము. అర్జీ తీసుకున్న గుమస్తా గారు దానిని మడిచి, ఊగుతున్న బల్ల కాలు కింద పెట్టారు. బల్ల కుదుపు తగ్గింది.

ఇట్లు,
తమరి ఎదురు గేటు విధేయుడు

తా.క.: ఈ ఉత్తరం పూర్తి చేస్తుండగా బయట కేకలు వినిపించి బాల్కనీలోకి వెళ్లి చూశాను. నాలుగో ఇంటి కుర్రవాడికి కట్టు విప్పి చాలా నెలలైంది. వీధి చివరి నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి, తమరి మీద నుంచి రెండు చక్రాలూ గాలిలోకి లేపి దూకుతున్నాడు. వెనక ఆరుగురు పిల్లలు వరుస కట్టి తమ వంతు కోసం నిలబడి ఉన్నారు.