రొయ్యకో న్యాయం, శీలావతికో న్యాయమా?

విశాఖ పోర్టులో ఓడ ఎక్కే రొయ్యకు యాంటీబయాటిక్ అవశేషాల పరీక్ష ఉంటుంది. తేడా వస్తే విదేశీ కొనుగోలుదారు కంటైనర్‌నే తిప్పి పంపిస్తాడు. అదే ఊళ్లోని పూర్ణా మార్కెట్‌కు ఐసు ట్రేలలో వచ్చే శీలావతికి, బొచ్చెకు మనం చేసే పరీక్ష ఒక్కటే: మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూడటం.

పోయిన ఆదివారం చేప కోయించుకుంటుంటే రెక్కల మొదట్లో, పొట్ట కింద ఎర్రటి చుక్కలు కనిపించాయి. ‘ఐసు ఒరుసుకుంది బాబూ’ అంది అమ్మే ఆవిడ. ఐసే కావచ్చు, జబ్బే కావచ్చు. చెప్పగలిగేవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

చెరువుల దగ్గర ఎర్రమచ్చలు, తోక కుళ్లు, పొట్ట ఉబ్బి పొలుసులు నిక్కబొడుచుకోవడం తెలియని రైతు ఉండడు. వీటి వెనక ఎక్కువగా వినిపించే పేరు ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియా. ఇప్పుడు దానికి తోడు పంగాసియస్ చేపలో ఎడ్వర్డ్‌సియెల్లా, తిలాపియా చేపలో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియాలు తయారయ్యాయి. ఏరోమోనాస్ ఎక్కడి నుంచో రానక్కర్లేదు, చెరువు నీళ్లలోనే ఉంటుంది. చేప పిల్లల్ని కిక్కిరిసేలా వదిలినప్పుడు, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయినప్పుడు, చేపల ఒంటిని పట్టే పేను కొరికి పుండు పడినప్పుడు విజృంభిస్తుంది.

అప్పుడు రైతు మందుల షాపుకు పరిగెడతాడు. కైకలూరు దగ్గర మా బావ చెరువు గట్టు మీద నేను కళ్లారా చూశాను. షాపువాడిచ్చిన యాంటీబయాటిక్ పొడిని తవుడులో కలిపి, చిల్లులు పొడిచిన సంచుల్లో నింపి, కర్రలకు వేలాడగట్టారు. చేపలు గుంపుగా వచ్చి సంచుల్ని పొడుచుకు తింటున్నాయి. జబ్బు చేసినవి మాత్రం గట్టువార నీళ్లపైన తేలుతూ అటువైపే రాలేదు. జబ్బు చేసిన చేప ముందు మానేసేది మేతే కదా! అంటే మందు బాగున్న చేపల కడుపులోకి, తినగా మిగిలింది చెరువులోకి పోతోంది. అక్కడ ఆ మందుకు లొంగని బ్యాక్టీరియా బతికిపోతుంది. ఆ మొండితనాన్నిచ్చే జన్యువులు ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి, మనుషులకు జబ్బు చేసేవాటికి కూడా, పాకగలవు. కూర ఉడికితే బ్యాక్టీరియా చస్తుంది కాబట్టి చేపలు మానేయమని నేననను. మందు అవశేషాలు మాత్రం ఉడికించినంత మాత్రాన పూర్తిగా పోతాయనే భరోసా లేదు.

రైతు మాటా వినాలి. లీజు కట్టి, మేత అప్పు తెచ్చినవాడు కళ్లముందు చేపలు తేలుతుంటే ల్యాబ్ రిపోర్టు కోసం రెండు మూడు రోజులు ఎలా ఆగుతాడు? ఆ టెన్షన్ నిజమే. కానీ పేను పుండూ, బ్యాక్టీరియా మచ్చా పైకి ఒకేలా కనిపించొచ్చు. ఏ క్రిమో, దేనికి లొంగుతుందో తెలియకుండా వేసిన మందు రైతు జేబునే ఖాళీ చేస్తుంది. రొయ్య పిల్లకు క్రిమిని పట్టే పీసీఆర్ టెస్టు అలవాటైనప్పుడు చేపకు ఎందుకు కాదు?

దారి లేకా కాదు. నార్వే సాల్మన్ పెంపకంలో 1987 తర్వాత వ్యాక్సిన్లతో యాంటీబయాటిక్ వాడకం 99 శాతం దాకా తగ్గింది. మన దగ్గర భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ సీఫా, హైదరాబాద్‌లోని వ్యాక్సిన్ కంపెనీ ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ ఏరోమోనాస్ వ్యాక్సిన్ కోసం 2022లో చేతులు కలిపాయి. అది చిన్న రైతు చెరువు దాకా రావాలి.

అసలు నా కోపం వేరే ఉంది. డాలర్ తెచ్చే సరుకుకు ఉన్న కాపలా మన పిల్లలు తినే తిండికి ఎందుకు ఉండదు? రొయ్య ఒక్కటే కాదు, మిర్చి సంగతీ అంతే. ఎగుమతికి వెళ్లేదాన్ని జల్లెడ పడతాం, ఊళ్లో అమ్మేదాన్ని వదిలేస్తాం. పన్ను కట్టే విశాఖ మనిషి ఆరోగ్యం విదేశీ కొనుగోలుదారు ఆరోగ్యం కంటే చవకా?

అవశేషాలు కనిపెట్టే పరికరాలు, వాటిని నడిపే మనుషులు ఈ ఊళ్లోనే ఉన్నారు. వారానికోసారి పూర్ణా మార్కెట్ ట్రేల నుంచి నాలుగు చేపలు అక్కడికి పంపండి. ఏ చెరువు నుంచి వచ్చాయో, ఏం తేలిందో కాటా పక్కనే బోర్డు మీద రాయండి.